అస్కా సీమలో తెలుగు బడి – గతచరిత్ర, భావి ప్రణాళిక

ఋషికుల్యా నదిలో బడానది వచ్చి కలియు చోట, బరంపురానికి వాయవ్య దిశగా దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో అస్కా పట్టణం ఉన్నది. ఈ ఊరి పేరు చక్కెరతో ఏనాటి నుండియో ముడిపడినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ మద్రాసు బిన్నీ కంపెనీవారు ఇక్కడ పంచదార కర్మాగారం నెలకొల్పగా, తరువాత మించిన్ దొర యాజమాన్యంలో అది సారా బట్టీతో సహా పేరు గడించినది. స్వాతంత్ర్యానంతరం 1956లో ఏర్పడిన సహకార చక్కెర కర్మాగారం ఆ పరంపరను నిలిపినది. చెరకు చరిత్ర జిల్లా గ్రంథాలకు ఎక్కినది. బడి చరిత్ర మాత్రం చాలవరకు హాజరు పట్టీలలోనే ఉండిపోయినది. ప్లాటినం జూబిలీ వంటి సందర్భాలలో ఆ పట్టీల దుమ్ము దులుపుట మంచిది. ఏలయనగా, ఈ సీమలో తెలుగు బడి నిలిచినను, తరిగినను, పెరిగినను దానికి కారణం తరచు ఆ పట్టీలోని అంకెయే అయినది.

1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉత్తరపు కొసన ఉండినది. తెలుగు, ఒడియా భాషలు రెండును పెనవేసుకొన్న సీమ ఇది. సముద్రతీరాన నోళియా బెస్తవారు, బరంపురంలో పట్టునేత దేవాంగులు, అంగళ్ళలో వర్తకులు, కచేరీలలో గుమాస్తాలు తెలుగు మాటాడువారు. దక్షిణ భాగంలోను, తీరంలోను తెలుగువారు చిక్కగా ఉండగా, అస్కా, ఘుముసరం వంటి లోపలి ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు ఒడియా వీధుల నడుమ చెదరి ఉండినవి. బరంపురంలో ఒక్క వీధి పిల్లలతోనే ఒక తరగతి నిండగలదు. లోపలి ఊళ్ళలో ఒక తరగతి నింపుటకు ఊరంతా తిరగవలెను. ఈ తేడాను మరచినవారికి ఇక్కడి బడుల కథ బోధపడదు.

బడి లెక్కలు ఈ జిల్లాకు కొత్తవి కావు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించినాడు. రాజధాని మొత్తంమీద 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. అందులో గంజాం వంతు 255 బడులు, 2,977 మంది పిల్లలు. భాగించి చూచిన, రాజధానిలో సగటున బడికి పదిహేనుగురు. గంజాంలో పన్నెండుగురు కూడ లేరు. అరుగుమీద ఒక పంతులు, ఇసుకలో అక్షరాలు దిద్దు పది పన్నెండు మంది పిల్లలు. రెండువందల ఏండ్లనాటి గంజాం బడి స్వరూపం ఇది. నేడు పన్నెండుమంది పిల్లలున్న బడిని చూచి 'ఇది కూడ ఒక బడియేనా' అని పెదవి విరచువారు ఈ అంకెను గుర్తుంచుకొనవలెను. చిన్నతనం ఈ సీమ బడులకు పుట్టుకతో వచ్చినదే.

అయితే ఆనాటి పంతులుకు ప్రభుత్వం జీతమీయలేదు. పిల్లల తల్లిదండ్రులు ధాన్యమో, కానుకో ఇచ్చుకొనెడివారు. 1854 నాటి వుడ్ విద్యాపత్రం తరువాత ప్రభుత్వ గ్రాంటు బడిలో ప్రవేశించినది. దానివెంట ఇన్స్పెక్టరు వచ్చినాడు. మద్రాసు రాజధానిలో చాలకాలం 'ఫలితములను బట్టి చెల్లింపు' అను పద్ధతి నడిచినది. పరీక్షాధికారి వచ్చి పిల్లలను పరీక్షించును. ఎందరు నెగ్గిన అంత గ్రాంటు. తనిఖీనాడు పక్క ఊరి పిల్లవానికి చొక్కా తొడిగి కూర్చోబెట్టిన పంతుళ్ళ కథలు తెలుగునాట ప్రతి జిల్లాలోను వినవచ్చును. అవి నవ్వుకొనుటకు బాగున్నను, పంతులు కుటుంబం ఆ అంకెమీదనే బ్రతికినదన్న సంగతి నవ్వులో మరుగుపడరాదు. 1884 నాటి స్థానిక సంస్థల చట్టం, 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం తరువాత తాలూకా, జిల్లా బోర్డుల బడులు విస్తరించినవి. బోర్డు బడి ఏ ఊరిలో పెట్టవలెను, అందులో ఏ భాష చెప్పవలెను అను ప్రశ్న అప్పటినుండి రాజకీయ ప్రశ్న అయినది.

ఇక్కడ ఒక నిజం నిష్పక్షపాతంగా చెప్పుకొనక తప్పదు. మద్రాసు పాలనలో చిన్నచూపునకు గురియైనది తెలుగు కాదు, ఒడియా. కచేరీ ఉద్యోగాలలో తెలుగువారు నిండియుండుట, ఒడియా పిల్లలకు తమ భాషలో చెప్పు ఉపాధ్యాయులు, పుస్తకాలు చాలకుండుట ఒడియా సోదరుల మనసును నొప్పించినవి. అస్కాకు పొరుగుననున్న రస్సెల్‌కొండలో, నేటి భంజనగరంలో, 1870లోనే విలియం మహమ్మద్ పూనికతో ఒడియా భాషా రక్షణకై సభ జరిగినది. 1903లో ఉత్కళ సమ్మేళనం వెలసినప్పుడు దానికి గంజాం నుండి అందిన బలం సామాన్యమైనది కాదు. తమ బిడ్డ తమ మాటలో చదువుకొనవలెనన్న కోరిక ఆనాడు ఒడియా తల్లిదండ్రులది. 1936 తరువాత అదే కోరిక తెలుగు తల్లిదండ్రులది. అందుచేత నేటి తెలుగు బడి పక్షాన మాటాడువారు ఒడియావారిని ఎదిరిపక్షంగా చూచుట చరిత్ర తెలియక చేయు పని.

మాతృభాషలో చదువన్న మాటకు గంజాం జిల్లా దేశానికంతకు ముందే ఒక పాఠం నేర్పినది. నాడు ఈ జిల్లాలోనిదే అయిన పర్లాకిమిడిలో, రాజావారి పాఠశాలలో 1880 నుండి ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు కొండలలోని సవరల భాషను నేర్చి, ఆ భాషలో వాచకాలు వ్రాసి, సొంత సొమ్ముతో సవర పిల్లలకు బడులు నడిపినారు. వారి సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని తెలుగువారందరు ఎరుగుదురు. సవర బడుల సంగతి అంతగా ఎరుగరు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలియగా వారు 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని డెబ్బది మూడవ ఏట విడిచిపోవుట ఎంతటి కష్టమో ఊహించుకొనవచ్చును.

సరిహద్దు నిర్ణయం ఒక్కనాడు జరిగినది కాదు. 1924లో ఫిలిప్, డఫ్‌ల విచారణ. 1931–32లో ఓడొన్నెల్ అధ్యక్షతన సరిహద్దు సంఘం. అటుపిమ్మట లండనులో చర్చలు. తుదకు గంజాంలోని అధికభాగం ఒరిస్సాకు, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపు భాగం విశాఖపట్టణం జిల్లాకు చేరినవి. ఆ దక్షిణభాగం 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరినది. అస్కా ప్రజలలో అత్యధికులు ఒడియా మాటాడువారు గనుక ఆ ఊరు ఎటు చేరవలెనన్న విషయంలో వివాదానికి తావు లేకుండెను. కాని ఊరిలోని తెలుగు కుటుంబాలకు మాత్రం ఏప్రిల్ 1వ తేదీ ఉదయానికి ఇల్లు అదే, వీధి అదే, రాష్ట్రం వేరు. అంతవరకు మద్రాసు నుండి వచ్చిన పాఠ్యక్రమం, తనిఖీ, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు క్రమక్రమంగా కటకం వైపు తిరిగినవి. కళాశాలల సంబంధం మరికొంతకాలం ఆంధ్ర విశ్వవిద్యాలయంతో సాగి, 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత తెగినది. అప్పటినుండి తెలుగు బడికి పైమెట్టు తెలుగునాట లేదు, ఇక్కడనే వెదకుకొనవలసి వచ్చినది.

స్వతంత్ర భారతంలో భాషా అల్పసంఖ్యాకులకు రాజ్యాంగం రక్షణ కల్పించినది. 29, 30 అధికరణాలు భాషను కాపాడుకొను హక్కును, విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకొను హక్కును ఇచ్చినవి. 1956లో చేర్చిన 350–ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించుట రాష్ట్రాల విధి అని చెప్పినది; 350–బి ననుసరించి 1957లో భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు పదవి ఏర్పడినది. ఇవి గొప్ప మాటలే. అయితే చిన్న ఊరి బడిని నిలుపునది వీటికంటె ముందే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం అంగీకరించిన చిన్న సూత్రం. ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంమీద నలభైమంది గాని ఆ భాష పిల్లలున్నచో, వారి భాషలో చెప్పుటకు కనీసం ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. పది, నలభై. గంజాం తెలుగు బడుల తలరాత ఈ రెండంకెలలో ఉన్నదనుటలో అతిశయోక్తి లేదు.

ఈ లెక్కను కొంచెము నిదానంగా చూడవలెను. ఒకటవ తరగతిలో పన్నెండుగురు చేరుచున్న బడి ఒకటి ఉన్నదనుకొందము. ఏటేట ఇద్దరు చొప్పున ఒడియా బడికో, ఇంగ్లీషు బడికో తరలిపోవుచున్నారు. అప్పుడు ఐదు తరగతులలో వరుసగా పన్నెండు, పది, ఎనిమిది, ఆరు, నాలుగు. మొత్తం సరిగ్గా నలభై. బడి గట్టున ఉన్నది. చేరువారు పన్నెండుకు బదులు పదకొండుగురైన, పదకొండు, తొమ్మిది, ఏడు, ఐదు, మూడు. మొత్తం ముప్పది ఐదు. ఏటికి ఒక్క బిడ్డ తగ్గినంతనే బడి నలభై గీతకు దిగువకు పోయినది. ఇక మరొక రీతిలో చూడుడు. ఏటికి ఎనిమిదిమందియే చేరి, చేరిన ఎనిమిదిమందియు ఐదవ తరగతి దాక నిలిచినచో, ఎనిమిది ఐదులు నలభై. పన్నెండుమందిని చేర్చుకొని జారవిడుచు బడియు, ఎనిమిదిమందిని చేర్చుకొని నిలుపుకొను బడియు లెక్కలో సమానం. అయితే మొదటిది ఏటికి ఎనిమిది కుటుంబాల నమ్మకం పోగొట్టుకొనుచున్నది. చిన్న బడి ప్రణాళిక వేయువారు ప్రవేశాల ఊరేగింపు కంటె ముందు ఈ జారుడును చూడవలెను. జారుడు సాధారణంగా రెండవ తరగతి పిమ్మట, అనగా పిల్లవాడు చదువగలడో లేడో తల్లిదండ్రులకు తెలిసివచ్చు వేళ మొదలగును.

నలభై అనునది నిలుచుటకు మాత్రమే. పెరుగుటకు వేరే మెట్లున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవైమంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. అరువది ఒకటవ బిడ్డతో మూడవ ఉపాధ్యాయుడు రావలెను. నలభైమందియు, ఐదు తరగతులును ఉన్న బడిలో ఇద్దరు ఉపాధ్యాయులనగా, ఒక్కొక్కరు ఒకే గదిలో రెండు మూడు తరగతులను నడుపవలెను. ఒకరు సెలవు పెట్టిననాడు బడి బడిగా ఉండదు. మూడవ ఉపాధ్యాయుని రాకతో బడి రూపమే మారును. అందుకు తరగతికి సగటున పన్నెండు, పదముగ్గురు నిలకడగా ఉండవలెను. సెకండరీ దశకు 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఆమోదించిన సూత్రం ఇంకను పైన ఉన్నది: చివరి నాలుగు తరగతులలో కలిపి అరవైమంది, ఒక్కొక్క తరగతిలో పదిహేనుగురు. ఎనిమిది, పదమూడు, పదిహేను. చిన్న తెలుగు బడికి ఎదుగుదల అనగా ఈ మూడు మెట్లే. తక్కినవన్నియు అలంకారాలు.

ఈ మెట్లలో కఠినమైనది ఐదవ తరగతికి, ఆరవ తరగతికి నడుమ ఉన్నది. 350–ఎ అధికరణం మాట ప్రాథమిక దశతో ఆగిపోవును. ఐదేండ్లు తెలుగులో చదివిన బిడ్డ ఆరవ ఏట గణితం, విజ్ఞానం వేరొక భాషలో విని అర్థం చేసికొనవలెను. ఆ గండం ముందే ఊహించి బిడ్డను మొదటినుండియే వేరు బడిలో వేయు తండ్రిని తప్పుపట్టుట సులభం. ఆయన లెక్క తప్పు కాదు. ఒడిశా సెకండరీ విద్యాబోర్డు పరీక్షలో తెలుగును ప్రథమ భాషగా వ్రాయు వీలున్నది. కాని అక్కడిదాక చేర్చు వంతెన కావలెను. ఆ వంతెన ఒడియా భాషయే. మూడవ తరగతి నుండి ఒడియాను శ్రద్ధతో, మంచి ఉపాధ్యాయునిచే చెప్పించు తెలుగు బడి తన పిల్లలను పోగొట్టుకొనదు. తెలుగు చెడునని ఒడియాను వెనుకకు నెట్టిన బడి తెలుగును కూడ పోగొట్టుకొనును.

కాలం కూడ అనుకూలం కాదు. ఒరిస్సాలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 2001 లెక్కలలో ఏడు లక్షలకు పైగా ఉండగా, 2011లో ఆ సంఖ్య ఏడు లక్షలకు దిగువకు వచ్చినది. నీతి ఆయోగ్ 2017లో ఒడిశా, జార్ఖండ్, మధ్యప్రదేశ్‌లలో ఆరంభించిన 'సాథ్' కార్యక్రమంలో తక్కువ పిల్లలున్న బడులను పెద్ద బడులలో కలుపుట ఒక ముఖ్యాంశమైనది. ఒడియా బడి మరొక ఒడియా బడిలో కలిసిన పిల్లవానికి దూరం పెరుగును. తెలుగు బడి ఒడియా బడిలో కలిసిన భాషయే మారును. ఈ భేదం ఫైళ్ళలో కనిపించదు; ఎవరైనా వ్రాసి పంపిననే కనిపించును. ఇక బలవంతం మీద ఆశ పెట్టుకొనుటకు తావు లేదు. కర్ణాటక వ్యాజ్యంలో 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం నిర్బంధింపజాలదని తీర్పు చెప్పినది. ఇష్టపడి వచ్చిన పిల్లలతోనే తెలుగు బడి నడువవలెను.

తెలుగునాటికి వెలుపల ఉన్న ఇతర బడుల అనుభవం ఇక్కడ పనికివచ్చును. బొంబాయి నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ బడులతో పాటు తెలుగు బడులను కూడ దశాబ్దాలపాటు నడిపినది. మిల్లు కార్మికుల పిల్లలు తగ్గిన కొలది ఆ బడులలో హాజరు తగ్గినది. ఢిల్లీలో 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో వెలసిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వేరు దారి పట్టినది. ఇతర భాషల పిల్లలను కూడ చేర్చుకొని, తెలుగును పాఠ్యభాషగా నిలిపి, ఒకటికి పలు పాఠశాలలుగా పెరిగినది. ఢిల్లీ దారి అస్కాకు యథాతథంగా పనికిరాదు. రాజధానిలోని ఉద్యోగుల జీతాలు, సంఖ్యాబలం ఈ ఊరికి లేవు. కాని పొరుగు భాష పిల్లలకు తలుపు తెరచి ఉంచుటలో తెలుగుకు నష్టం లేదన్న సంగతి అక్కడ రుజువైనది.

జూబిలీలనాడు చందాలు పోగగును. ముఖద్వారం, ఆర్చి, వేదిక, దాతల పేర్ల శిలాఫలకం – వీటికి ధనం త్వరగా వచ్చును. కంటికి కనిపించును గదా. 2017 నవంబరులో ఒరిస్సా ప్రభుత్వం ఆరంభించిన 'మో స్కూల్' పథకంలో పూర్వ విద్యార్థులు ఇచ్చిన మొత్తానికి రెండింతలు ప్రభుత్వం చేర్చెడిది. అనేక బడులకు గదులు, ప్రయోగశాలలు అట్లు వచ్చినవి. మెచ్చదగిన పనియే. అయినను తెలుగు బడికి గోడకంటె ముందు కొరతపడునది తెలుగులో శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, సకాలంలో చేతికందు తెలుగు వాచకం. పదవీ విరమణ చేయు ఉపాధ్యాయుని స్థానంలో ఎవరు వత్తురో మూడేండ్ల ముందే ఆలోచింపని బడి ఆర్చి కట్టినను ఒకటే, కట్టకున్నను ఒకటే. ఊరి తెలుగు పిల్లలలో ఇంటరు ముగించిన ఒకరిద్దరిని ఉపాధ్యాయ శిక్షణకు పంపుటకు జూబిలీ నిధిలో కొంత కేటాయించుట శిలాఫలకమంత కనిపించదు గాని, పదేండ్లకు ఫలించును.

ఇట్టి ఆలోచనకు చట్టమే చోటిచ్చినది. విద్యాహక్కు చట్టం 21వ విభాగం ప్రకారం పాఠశాల నిర్వహణ సంఘంలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యులలో సగం స్త్రీలు ఉండవలెను. అల్పసంఖ్యాకుల ఎయిడెడ్ పాఠశాలలలో ఈ సంఘం 2012 సవరణ తరువాత సలహా సంఘం మాత్రమే. 22వ విభాగం పాఠశాల అభివృద్ధి ప్రణాళికను కోరినది. కేంద్రం నమూనా నియమాల ప్రకారం అది మూడేండ్ల ప్రణాళిక, ఏటికొక ఉపప్రణాళిక: తరగతివారీగా రాబోవు పిల్లల అంచనా, కావలసిన ఉపాధ్యాయులు, కావలసిన గదులు, కావలసిన ధనం. వరుసను గమనింపవలెను, పిల్లల అంచనా మొదట, గదులు తరువాత. చాలచోట్ల ఈ కాగితం ప్రధానోపాధ్యాయుడు ఒంటరిగా నింపు ఫారమైనది. తెలుగు తల్లులు కూర్చుండి నింపిన, అదే కాగితం 1949 సూత్రానికి కావలసిన సాక్ష్యమగును.

భాషా అల్పసంఖ్యాకుల రక్షణ పథకంలో మరొక ఏర్పాటు కలదు. విద్యాసంవత్సరం ఆరంభమగుటకు మూడు నెలల ముందు నుండి పాఠశాలలు ముందస్తు రిజిస్టరు తెరచి, మాతృభాషలో చదువ దలచిన పిల్లల పేర్లు నమోదు చేసికొనవలెను. ఒక బడిలో పదిమంది చేరనిచో సమీపపు బడుల పేర్లతో కలిపి సర్దుబాటు చేయవలెను. అస్కా వంటి చోట, ఇళ్ళు చెదరి ఉన్న చోట, ఈ సర్దుబాటు ప్రాణాధారం. ఒక వీధిలో నలుగురు, పక్క ఊరిలో ముగ్గురు, మరొక పేటలో ముగ్గురు. విడివిడిగా ఎవరికిని ఉపాధ్యాయుడు రాడు, కలిపి వ్రాసినచో పదిమంది. రిజిస్టరు తెరువని బడికి ఈ హక్కు పుస్తకంలో ఉండి కూడ లేనట్లే.

నమూనా నియమాల ప్రకారం అభివృద్ధి ప్రణాళిక ఆర్థిక సంవత్సరం ముగియుటకు మూడు నెలల ముందుగా, అనగా డిసెంబరు ఆఖరులోగా సిద్ధము కావలెను. ముందస్తు రిజిస్టరు తెరువవలసిన వేళయు దాదాపు అదే. అందుకు కావలసిన పేర్లు ఇప్పుడు మూడేండ్లు, నాలుగేండ్లు నిండిన పిల్లలున్న ఇళ్ళలోను, వీధివీధి అంగన్‌వాడీ పుస్తకాలలోను ఉన్నవి.